రేవు మెట్లు, వానసీసా, గవ్వలు: యాదృచ్ఛిక ప్రక్రియలను చేత్తో కొలిచిన డైరీ

జూన్ రెండో వారంలో మొదలుపెట్టి అక్టోబరు రెండో వారంలో ఆపిన పని ఇది. చేసింది ఇద్దరం: డిగ్రీ పిల్లలకు గణితం చెప్పే నేను, బీఎస్సీ రెండో ఏడు చదువుతున్న నా మేనకోడలు. చోటు కోనసీమలో వశిష్ఠ గోదావరి ఒడ్డు, సఖినేటిపల్లి రేవుకు నడిచి వెళ్లేంత దూరంలోని మా ఇల్లు. యాదృచ్ఛిక ప్రక్రియల (కాలంతో పాటు అదృష్టం మీద మారుతూ పోయేవాటి) పాఠంలో మొదట తగిలే మార్కోవ్ గొలుసును (తర్వాతిది ఇప్పటి స్థితి మీదే ఆధారపడే వరుస), పాయిజాన్ ప్రక్రియను (ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చే రాకల లెక్క), మార్టింగేల్‌ను (సగటున లాభమూ నష్టమూ లేని ఆట) మా చుట్టూ ఉన్నవాటిలో కొలిచి చూశాం. లెక్క చక్కగా కుదిరిన ఉదాహరణలు ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతాయి. అందుకని ఇక్కడ తప్పిన చోట్లకే ఎక్కువ స్థలం ఇచ్చాను. ఎవరైనా మళ్లీ చేస్తే ఆ వారాలు వాళ్లకు మిగులుతాయి.

మొదటి దశ: వానసీసా

*జూన్ 12 నుంచి 30 వరకు*

ఈ పంతొమ్మిది రోజుల కొలతలు ఒక్కటీ లెక్కలోకి రాలేదు. కారణాలు మూడు.

సీసాను మొదట పెరట్లో పెట్టాం. కోనసీమలో పెరడంటే కొబ్బరిచెట్లే. వాన తెరిపిచ్చాక కూడా మట్టల మీద నిలిచిన నీరు ధారగా కారి సీసాలో పడుతోంది. అనుమానం వచ్చి అలాంటిదే మరో సీసా డాబా మీద పెట్టాం. ఒకే రాత్రి కురిసిన వానకు పెరట్లో 64 మి.లీ., డాబా మీద 41 మి.లీ. వచ్చాయి. ఆ రోజే పెరటి సీసా తీసేశాం. డాబా మీద కూడా పిట్టగోడకు ఎనిమిది అడుగుల దూరంలో, ఏ మట్టా పైకి రాని చోట పెట్టాల్సి వచ్చింది.

రెండోది, సీసా పక్కన స్కేలు అంటించి ఎత్తు చదవడం. కూల్‌డ్రింక్ సీసా అడుగు గుంటలు గుంటలుగా ఉంటుంది, చిన్న వానలన్నీ ఆ గుంటల్లోనే ఉండిపోతాయి. స్కేలు పీకేసి నీటిని సిరంజితో తోడి కొలవడం మొదలుపెట్టాం.

మూడోది వేళ. ఒక ఆదివారం పదకొండు గంటలకు చదివాం. ఎనిమిదిన్నర తర్వాత పడిన జల్లు కూడా ముందు రోజు ఖాతాలోకి పోయింది. మనం లెక్కపెట్టేది వరుస రోజుల మధ్య సంబంధాన్ని కాబట్టి రోజు సరిహద్దు జరిగితే ఒకటి కాదు, రెండు నమోదులు చెడతాయి.

చివరికి కుదిరిన పద్ధతి:

1. సీసా పైభాగం కోసి గరాటులా బోర్లించాలి. మా సీసా మూతి వ్యాసం 10 సెం.మీ., అంటే వైశాల్యం 78.5 చ.సెం.మీ.
2. ఆ లెక్కన 1 మి.మీ. వాన అంటే 7.85 మి.లీ. నీరు.
3. ప్రతి ఉదయం 8:30కి 20 మి.లీ. సిరంజితో తోడి కొలవాలి. భారత వాతావరణ శాఖ రోజువారీ వాన కొలిచేదీ ఆ వేళకే.
4. 2.5 మి.మీ. లేదా అంతకు మించితే వాన రోజు. ఇదీ వాతావరణ శాఖ నిర్వచనమే. మా సీసాలో అది 19.6 మి.లీ. నిండు సిరంజి వస్తే "తడి", రాకపోతే "పొడి".

*జూలై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు*

92 రోజులు, 91 మార్పులు. తడి తర్వాత తడి 20, తడి తర్వాత పొడి 16, పొడి తర్వాత తడి 16, పొడి తర్వాత పొడి 39.

నిన్న తడిస్తే ఈ రోజు తడిసే సంభావ్యత 20/36, అంటే 0.556. నిన్న పొడి అయితే 16/55, అంటే 0.291. వాన నిన్నటిని పట్టించుకోకుండా కురిసేదైతే ఈ రెండూ ఇంచుమించు సమానంగా ఉండాలి. నాణెం ఎగరేసినట్టు వాన పడదని ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఎంత పడదో చెప్పేది ఈ రెండు అంకెల మధ్య తేడా, 0.265.

ఈ మార్పుల సంభావ్యతల పట్టికను, అంటే మాత్రికను, దానితోనే పదే పదే గుణిస్తే తడి రోజుల వాటా 0.396 దగ్గర నిలబడింది. నేరుగా లెక్కపెడితే 92లో 36, అంటే 0.391. ఇది కుదిరిందని మురిసిపోకూడదు. మార్పుల లెక్క నుంచే మాత్రిక కట్టాం కాబట్టి ఈ రెండు అంకెలు దగ్గరగా రావడం తప్పదు, అందులో పరీక్ష ఏమీ లేదు. నా మేనకోడలు దీన్నే ఫలితంగా రాసి గీత గీసింది. ఆ గీత చెరిపించడానికి ఒక సాయంత్రం పట్టింది.

అసలు పరీక్ష రెండు రోజుల అవతలికి చూడడం. మాత్రిక ప్రకారం తడి రోజు నుంచి ఎల్లుండి మళ్లీ తడి అయ్యే సంభావ్యత 0.556 × 0.556 + 0.444 × 0.291, అంటే 0.438. మా నోట్‌బుక్‌లో 36లో 18 సార్లు అలా జరిగింది, అంటే 0.50. తేడా ఉంది, కానీ 36 రోజుల నమూనాలో 0.08 అటూ ఇటూ ఊగడం మామూలే. గొలుసు తప్పని చెప్పలేం, ఒప్పని రుజువైందనీ చెప్పలేం.

ఆగస్టులో వరుసగా 11 పొడి రోజులు వచ్చాయి. "ఇంత పొడవైన వరపు ఈ మాత్రికలో ఇమడదు, మోడల్ పోయినట్టే" అనుకున్నాను. కూర్చుని లెక్క వేశాం. ఒక పొడి వరుస 11 రోజులకు చేరే సంభావ్యత 0.709 పదో ఘాతం, అంటే 0.032. అంకె చాలా చిన్నదే. కానీ ఆ మూడు నెలల్లో పొడి వరుసలు 17 వచ్చాయి. వాటిలో కనీసం ఒకటైనా అంత పొడవు సాగే సంభావ్యత 0.43. నూటికి నలభై మూడు సార్లు జరిగేదాన్ని చూసి మోడల్‌ను పారేయబోయాం. ఒక్క పొడుగు వరుసను వేలెత్తి చూపే ముందు మొత్తం ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టుకోండి.

ఇలాంటి లెక్కను గాబ్రియేల్, న్యూమన్ అనే పరిశోధకులు 1962లో టెల్ అవీవ్ వానల మీద ప్రచురించారు. అక్కడి నడి శీతాకాలంలో తడి తర్వాత తడి 0.662, పొడి తర్వాత తడి 0.250. వాళ్ల దగ్గర 27 ఏళ్ల నమోదులు ఉన్నాయి. మా దగ్గరున్నది ఒక్క రుతువు.

అక్టోబరును కలపలేదు. నైరుతి వెళ్లిపోయి బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం మొదలయ్యాక వాన తీరే మారుతుంది. ఒకే మాత్రిక రెండు రుతువులకూ చెల్లుతుందని అనుకోవడానికి ఆధారం లేదు.

ఈ గొలుసులకు పేరిచ్చిన రష్యా గణితవేత్త మార్కోవ్ వాటి మీద తన మొదటి పత్రం రాసింది 1906లో. 1913లో ఆయన రష్యా కవి పుష్కిన్ కావ్యం నుంచి 20,000 అక్షరాలు తీసుకుని అచ్చులెన్నో హల్లులెన్నో చేత్తో లెక్కపెట్టాడు: 8,638 అచ్చులు, 11,362 హల్లులు. అచ్చు తర్వాత అచ్చు వచ్చే సంభావ్యత 0.128, హల్లు తర్వాత అచ్చు 0.663. కంప్యూటర్ లేని రోజుల్లో ఆ పని ఎంత ఓపిక అడిగి ఉంటుందో మాకు 92 రోజుల గీతలు గీశాక అర్థమైంది.

*ఇప్పటిదాకా: వాన నమోదులు 92, పారేసిన రోజులు 19. ఖర్చు 95 రూపాయలు (సిరంజి, నోట్‌బుక్, పెన్సిళ్లు).*

రెండో దశ: రేవు మెట్లు

*జూలై మూడో వారం*

వాన కొలత రోజుకు ఐదు నిమిషాల పని. మిగిలిన వేళల్లో రెండో గొలుసు కడదామని రేవుకు వెళ్లాం. నీరు ఏ మెట్టును తాకుతోందో గంటకోసారి రాయడం, ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా. మెట్ల లెక్క కింది నుంచి పైకి. ఆరు రోజుల్లో 78 నమోదులు వచ్చాయి.

ఏడో మెట్టును పట్టుకుని చూశాం. అంతకుముందు గంటలోనూ ఏడు మీదే ఉన్నవి వదిలేస్తే 20 సందర్భాలు దొరికాయి. తర్వాతి గంటకు నీరు పైకి వెళ్లినవి 8, కదలనివి 4, కిందికి దిగినవి 8.

ఈ అంకెలు చూస్తే ఏ గణితం మాస్టారికైనా ఒకటే తడుతుంది: ఇది సమానమైన యాదృచ్ఛిక నడక, అంటే పైకీ కిందికీ సమాన అవకాశంతో పడే అడుగులు. నాకూ అదే తట్టింది. బోర్డు మీద వేసి చెప్పడానికి ఇంతకంటే అందమైన ఉదాహరణ దొరకదనుకున్నాను. అది పూర్తిగా తప్పు.

ఆ తప్పు బయటపడింది రేవులో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన వల్ల. మేం రాసుకుంటున్నది చూసి, "పోటు మీదుందా, పాటు మీదుందా రాశారా?" అని అడిగారు. రాయలేదు. సముద్రం దగ్గరే కాబట్టి వరద లేని రోజుల్లో ఈ రేవు దాకా ఆటుపోట్లు తగులుతాయి. సుమారు పన్నెండు గంటల ఇరవై ఐదు నిమిషాలకు ఒక చుట్టు. ఇంటికి వచ్చి ఆ 20 సందర్భాలనే, ముందు గంటలో నీరు ఎక్కడుందో చూసి రెండుగా విడదీశాం:

- కింది మెట్టు నుంచి ఏడుకు ఎక్కినవి 11. వాటిలో ఇంకా పైకి వెళ్లినవి 8, కదలనివి 2, దిగినది 1.
- పై మెట్టు నుంచి ఏడుకు దిగినవి 9. వాటిలో పైకి వెళ్లినది ఒక్కటీ లేదు, కదలనివి 2, ఇంకా దిగినవి 7.

యాదృచ్ఛిక నడక అనుకున్నది కాస్తా ఇంచుమించు గడియారంలా తేలింది. "ఏడో మెట్టు" అన్న ఒక్క మాటతో తర్వాతి గంటను చెప్పడానికి కావలసినంత సమాచారం రాదు. మార్కోవ్ ధర్మం (ఇప్పటి స్థితి తెలిస్తే వెనకటిది అక్కర్లేకపోవడం) గోదావరికి ఉందా లేదా అని అడగడమే పొరపాటు. దేన్ని "స్థితి" అని పిలుస్తున్నామో దాన్ని బట్టి ఆ ధర్మం వస్తుంది, పోతుంది. స్థితిని (మెట్టు, దిశ) అనే జంటగా మార్చాక గొలుసు మళ్లీ నిలబడింది, అయితే గడుల సంఖ్య రెట్టింపై ఒక్కో గడిలో నమోదులు పలచబడ్డాయి. ఆరు రోజుల డేటా దానికి చాలదు. ఈ దశను మళ్లీ చేసేవాళ్లు కనీసం ఒక నెల పెట్టుకోవాలి. రాత్రిళ్లూ చదవాలి.

ఆగస్టులో వరద వచ్చినప్పుడు ఇదే సంగతి వార్తల్లో వినబడింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు, ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులు, 13 లక్షలైతే రెండోది. 17.75 అడుగులు, 17 లక్షలైతే మూడోది. ఏ వరద వార్తా అడుగులు చెప్పి ఊరుకోదు. "పెరుగుతోంది", "నిలకడగా ఉంది", "తగ్గుముఖం పట్టింది" అని ఒక మాట చేరుస్తుంది. లంకల్లో ఉండేవాళ్లు సామాను సర్దాలా వద్దా తేల్చుకునేది ఆ మాట విన్నాకే. పన్నెండు అడుగులు ఎక్కుతున్నప్పుడు ఒకటి, దిగుతున్నప్పుడు వేరొకటి. స్థితిని జంటగా రాయాలని మేం ఆరు రోజులు పోగొట్టుకుని నేర్చుకున్నాం. డెల్టాలో ఆ జంట రోజూ వాడుకలో ఉంది.

*ఇప్పటిదాకా: వాన 92, మెట్లు 78. ఖర్చు అదే 95.*

మూడో దశ: పంటు దగ్గర పాయిజాన్

*ఆగస్టు చివరి వారం*

వరదకు ఆపిన పంటు (రేవు దాటించే పడవ) మళ్లీ తిరగడం మొదలయ్యాక రేవులో కూర్చున్నాం. నర్సాపురం వైపు దాటడానికి వచ్చే మనుషులను నిమిషానికొకసారి లెక్కపెట్టడం పని. 120 నిమిషాలు, 312 మంది. సగటు 2.6.

పాయిజాన్ అయితే సగటూ విస్తృతీ (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) సమానం కావాలి. మాకు విస్తృతి 11.7 వచ్చింది, నాలుగున్నర రెట్లు. టికెట్లు ఇచ్చే ఆయన మా కాగితం మీద సున్నాలు, పన్నెండులు చూసి, "బస్సు దిగితే ఒక్కసారే వస్తారు మాస్టారూ, లేకపోతే ఎవరూ రారు" అన్నారు. అది ఒకటి. రెండోది మేమే చూశాం: ముందే వచ్చినవాళ్లు టీ బడ్డీ దగ్గర నిలబడి, పంటు ఇవతలి ఒడ్డుకు వస్తున్నది కనబడగానే కలిసి దిగుతారు. పాయిజాన్ అడిగే మొదటి షరతు ఒకరి రాకకు మరొకరి రాకతో సంబంధం ఉండకూడదని. ఇక్కడ బస్సూ, టీ బడ్డీ, పంటు వాళ్లందరినీ ఒక తాటికి కట్టేస్తున్నాయి.

మనుషులను వదిలి గుంపులను లెక్కపెడదామనుకున్నాం. అది సరైన దారే, దాన్ని సంయుక్త పాయిజాన్ ప్రక్రియ అంటారు. కానీ గుంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మా ఇద్దరికీ ఒక్కసారీ కుదరలేదు. ఒకే పది నిమిషాలకు ఆమె 6 అంటే నేను 9 అన్నాను. ఇద్దరు కొలిస్తే రెండు అంకెలు వచ్చే కొలత పనికిరాదు. చోటు మార్చాం.

అక్కడున్న ఆ రోజు వృథా కాలేదు. పంటు బయలుదేరిన వేళలు రాసుకున్నాం. వరుస పంట్ల మధ్య ఎడం, నిమిషాల్లో: 12, 15, 18, 35, 14, 22, 16, 40, 13, 20, 17, 18. మొత్తం 240, సగటు 20. ఏదో ఒక వేళకు రేవుకు వచ్చిన మనిషి సగటున ఎంతసేపు ఆగాలి? పది నిమిషాలని నా మేనకోడలు వెంటనే చెప్పింది. కానీ ఎడాల వర్గాల మొత్తం 5,636ను 480తో (240కి రెట్టింపు) భాగిస్తే 11.7 వస్తుంది. పొట్టి ఎడాల్లో కంటే 35, 40 నిమిషాల పొడుగు ఎడాల్లో ఒక్కోదానిలో వచ్చి పడేవాళ్లు ఎక్కువ, ఎందుకంటే ఆ ఎడాలు ఎక్కువ సమయాన్ని ఆక్రమిస్తాయి. "నేను వచ్చినప్పుడల్లా పంటు ఆలస్యమే" అని రేవులో ఎవరైనా అంటే అది ఉత్త విసుగు కాదు. లెక్కలో ఉన్న మాటే.

*సెప్టెంబరు మొదటి వారం*

రేవుకు మూడు కిలోమీటర్ల దూరంలో కాలువ గట్టు రోడ్డు. ఒకే దిశలో పోయే ద్విచక్ర వాహనాలు మాత్రమే. మొదటి ప్రయత్నం ఉదయం 7:30 నుంచి 9:30 దాకా: 192 బండ్లు, నిమిషానికి సగటు 1.6, విస్తృతి 2.2. మళ్లీ ఎక్కువే.

ఈసారి కారణం వేరు. మొదటి గంటలో 54, రెండో గంటలో 138. బడులకు, కాలేజీలకు, ఆఫీసులకు పోయే వేళ కాబట్టి వేగం గంట మధ్యలో మారిపోయింది. 0.9 సగటున్న గంటనూ 2.3 సగటున్న గంటనూ కలిపితే, రెండూ విడివిడిగా నిఖార్సైన పాయిజాన్ అయినా కలిపిన విస్తృతి 1.6 + 0.49 = 2.09 అవుతుంది. మాకు వచ్చిన 2.2 దానికి దగ్గరే. అంటే ఇక్కడ రాకలు గుంపు కట్టలేదు, వేళే మారింది. రేవు దగ్గర పడిన తప్పుకూ దీనికీ పైకి కనబడే లక్షణం ఒకటే, మందు వేరు. అక్కడ చోటు మార్చాలి, ఇక్కడ వేళ మార్చాలి.

పనిముట్టు కూడా మార్చాం. ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కుతూ పోతే, మధ్యలో ఎవరో ఫోను చేసేసరికి అరగంట నమోదులు పోయాయి. చివరికి కుదిరినది ఇది:

1. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ధ్వని రికార్డింగ్ నడపాలి.
2. గాలి హోరు తగ్గడానికి ఫోనును చేతిసంచిలో పెట్టాలి.
3. బండి ఒక ఎంచుకున్న కరెంటు స్తంభం దాటగానే స్టీలు క్యారేజీ మూత మీద చెంచాతో ఒక్క దెబ్బ. నోటితో చెబితే గాలిలో కలిసిపోతోంది, చెంచా దెబ్బ స్పష్టంగా వినబడుతుంది.
4. ఇంటికి వచ్చి విని, ప్రతి దెబ్బకూ సెకన్లు రాసుకోవాలి.

ఉదయం 10:30 నుంచి 12:30 దాకా 120 నిమిషాలు, సరిగ్గా 100 బండ్లు (మొదటి గంట 47, రెండో గంట 53). సగటు 0.833, విస్తృతి 0.896. నిష్పత్తి 1.08.

బండి రాని నిమిషాలు 55 (పాయిజాన్ ప్రకారం 52.2), ఒకటి వచ్చినవి 39 (43.5), రెండు 18 (18.1), మూడు, అంతకు మించినవి 8 (6.3). కై-వర్గం (లెక్కకూ కొలతకూ మధ్య తేడాలను కూడే కొలమానం) 1.08 వచ్చింది. స్వేచ్ఛా పరిమాణాలు (స్వేచ్ఛగా మారగల గడులు) రెండు కాబట్టి 5.99 దాటితేనే పాయిజాన్‌ను కాదనాలి.

ఈ పట్టిక వేస్తున్నప్పుడు గణాంకవేత్త బోర్ట్‌కీవిచ్ 1898 నాటి పట్టిక పక్కన పెట్టుకున్నాం. ప్రష్యా సైన్యంలో గుర్రం తన్ని చనిపోయిన సైనికుల లెక్క అది: 10 దళాలు, 20 ఏళ్లు, 122 మరణాలు, సగటు 0.61. 200 నమోదుల్లో ఒక్క మరణమూ లేనివి 109. పాయిజాన్ చెప్పేది 108.7.

ఎడాలు చూస్తే ఇంకా నచ్చింది. సగటు ఎడం 72 సెకన్లు. 99 ఎడాల్లో 72 సెకన్లు దాటినవి 35. ఆ 35లో మరో 72 సెకన్లు కూడా దాటినవి 13, అంటే 37 శాతం. మొదటి అడుగులోనూ 35 శాతమే. ఇప్పటికే 72 సెకన్లు ఎదురుచూశామన్నది తర్వాతి బండిని ఒక్క సెకను కూడా దగ్గరకు తేలేదు. జ్ఞాపకం లేకపోవడం అన్న మాట తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. గట్టు మీద చెంచా పట్టుకుని, బండి రాని నిమిషాల్లో "ఇక వచ్చేస్తుంది" అని మనసు తొందర పెడుతుంటే, లెక్క అది కాదంటుంటే, ఆ మాట నాకు మొదటిసారి చేతికి అందింది.

*ఇప్పటిదాకా: వాన 92, మెట్లు 78, నిమిషాల లెక్కలు 360 (పాయిజాన్‌కు కుదిరినవి 120, కుదరనివి 240), పంటు ఎడాలు 12. ఖర్చు 275 రూపాయలు, అందులో ఎక్కువ భాగం టీలు.*

నాలుగో దశ: గవ్వలు, చింతపిక్కలు

*సెప్టెంబరు చివర*

మార్టింగేల్‌కు కావలసింది న్యాయమైన ఆట. చేతిలో ఎంత ఉందో తెలిసినప్పుడు, తర్వాతి ఆట ముగిశాక ఉండబోయేదాని సగటు కూడా అంతే ఉండాలి. ఇంట్లో అష్టాచెమ్మ గవ్వలు ఉన్నాయి, పందేనికి చింతపిక్కలు ఉన్నాయి. గవ్వ వెల్లకిలా పడితే పిక్క మనది, బోర్లా పడితే పోయింది. ఐదు పిక్కలతో మొదలుపెట్టి పదైనా కావాలి, సున్నా అయినా కావాలి.

గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందని అనుకుని 20 ఆటలు ఆడాం. 14 గెలిచాం. పది రావాల్సిన చోట పద్నాలుగు. గవ్వనే కొలవాలని అప్పుడు తోచింది. ముందే తోచాల్సింది. ఆ 20 ఆటలు కొట్టేశాం.

గవ్వ కొలతకు నియమం కావలసి వచ్చింది. సిమెంటు గచ్చు మీద ఒక రకంగా, చాప మీద ఒక రకంగా పడుతోంది. ఆమె ఎత్తు నుంచి వదులుతుంది, నేను కిందికి జారవిడుస్తాను. అందుకని ఒకే గవ్వ, గ్లాసులో వేసి మూడుసార్లు కుదిపి, చాప మీదికి జానెడు ఎత్తు నుంచి వంచడం. 500 సార్లు వేస్తే 275 వెల్లకిలా. 0.55.

ఇలాంటి గవ్వతో చేతిలోని పిక్కల లెక్క మార్టింగేల్ కాదు, ప్రతి వేతకూ సగటున 0.1 పెరుగుతుంది. కానీ 9/11ని (0.45/0.55) పిక్కల సంఖ్య అంత ఘాతానికి ఎత్తితే వచ్చేది మార్టింగేల్ అవుతుంది: 0.55 × 9/11 + 0.45 × 11/9 = 0.45 + 0.55 = 1. ఈ ఒక్క వరుసను చేత్తో వేసి చూడండి, అసమానమైన గవ్వలో దాగిన సమతూకం కనబడుతుంది. ఆట మొదట్లో దాని విలువ 0.367. ముగింపులో పదైతే 0.134, సున్నా అయితే 1. సగటు మారకూడదు కాబట్టి గెలిచే సంభావ్యత 0.732 అని తేలుతుంది. వేతకు 0.1 చొప్పున పెరుగుదలను తీసేసిన లెక్క కూడా మార్టింగేలే. దాని నుంచి ఆట సగటు నిడివి 23.2 వేతలు.

60 ఆటలు ఆడాం. గెలుపులు 41 (రావాల్సినవి 44). మొత్తం వేతలు 1,356, ఆటకు 22.6.

*అక్టోబరు మొదటి వారం*

నిజంగా న్యాయమైన ఆట కోసం గణితవేత్త ఫాన్ నాయ్‌మన్ 1951లో చెప్పిన ఉపాయం వాడాం. గవ్వను రెండుసార్లు వేయాలి. వెల్లకిలా తర్వాత బోర్లా అయితే గెలుపు, బోర్లా తర్వాత వెల్లకిలా అయితే ఓటమి. రెండూ ఒకటే అయితే ఆ జంటను వదిలేసి మళ్లీ వేయాలి. గవ్వ ఎంత వంకరదైనా ఈ రెండు జంటల సంభావ్యత ఒకటే. ఒక్కో తీర్పుకు సగటున 4.04 వేతలు కావాలని లెక్క చెబుతుంది.

దీని మీద పాత జూదపు పద్ధతిని పరీక్షించాం: పోయినప్పుడల్లా పందెం రెట్టింపు చేయడం. మార్టింగేల్ అన్న పేరు మొదట ఆ పద్ధతిదే, దాన్ని 1939లో ఫ్రెంచ్ గణితవేత్త జాఁ వీల్ గణితంలోకి తెచ్చాడు. 63 పిక్కలతో 1, 2, 4, 8, 16, 32 దాకా పెట్టవచ్చు. ఎక్కడ గెలిచినా ఒక పిక్క లాభం. వరుసగా ఆరు ఓడితే 63 మొత్తం పోతాయి.

మొదటి తొమ్మిది రౌండ్లు కొట్టేశాం. నా మేనకోడలు జంటలో మొదటి వేత చూశాక పందెం ఖాయం చేస్తోంది. మొదటిది వెల్లకిలా పడితే, ఆ జంట చెల్లితే గెలుపే. మరో దారి లేదు. అంటే జవాబు చూసి పందెం కాస్తున్నట్టే. పందెం ఎప్పుడూ వేతకు ముందే నిర్ణయం కావాలన్న షరతు పాఠంలో ఒక చిన్న మాటగా ఉంటుంది. అది తప్పితే సిద్ధాంతం మొత్తం తప్పుతుంది. ఆ తర్వాత పిక్కలను చాప మీద పెట్టాకే గ్లాసు పట్టుకోవాలని నియమం పెట్టుకున్నాం.

100 రౌండ్లు, 203 తీర్పులు, 812 వేతలు (తీర్పుకు 4.0). 36 రౌండ్లకు 36 పిక్కల లాభం. 37వ రౌండులో ఆరు ఓటములు, −27. మళ్లీ ఎక్కుతూ 80 దగ్గర +16. 81వ రౌండులో మళ్లీ ఆరు, −47. చివరికి −28.

ఆమె కుప్ప ముందు కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టింది. "మామయ్యా, తొంభై ఎనిమిది సార్లు నేనే గెలిచాను. పిక్కలు ఎలా తగ్గాయి?"

కాగితం ఇచ్చాను. ఆరూ ఓడే సంభావ్యత 1/64. గెలుపు 63/64 సార్లు, ఒక్కో పిక్క. ఓటమి 1/64 సార్లు, 63 పిక్కలు. సగటు లాభం 63/64 − 63/64. సున్నా. వంద రౌండ్లలో 1.56 సార్లు మునగాలి, రెండుసార్లు మునిగాం.

*చివరి మొత్తం: వాన 92, మెట్లు 78, నిమిషాలు 360, పంటు ఎడాలు 12, గవ్వ వేతలు 2,668 (500 + 1,356 + 812, కొట్టేసిన ఆటలు కలపలేదు). ఖర్చు 275.*

*అక్టోబరు రెండో వారం*

పిక్కలు తక్కువ కాబట్టే మునిగామని ఆమె పట్టు. 127 ఉంటే ఏడు ఓటములు తట్టుకోవచ్చు. వంటింట్లోంచి ఇంకో గిన్నెడు చింతపిక్కలు తెచ్చి చాప మీద పోసి 127 లెక్కపెట్టింది. గ్లాసు పట్టుకుని ఆగి, పెన్సిల్ తీసుకుంది. 127/128 రాసింది, కింద 1/128 పక్కన 127 రాసింది. కాసేపు ఆ రెండు వరుసలను చూసింది. గవ్వను గ్లాసులోంచి తీసి, పిక్కలన్నీ మళ్లీ గిన్నెలోకి ఎత్తింది.